మహేంద్రగిరి: పర్లాకిమిడి నుంచి శిఖరానికి, అక్కడి నుంచి ముఖలింగానికి

మ్యాపులో ‘మహేంద్రగిరి’ అని కొడితే ఫోను చాలాసార్లు తమిళనాడు దక్షిణ కొసన ఇస్రో కేంద్రం ఉన్న కొండను చూపిస్తుంది. మనకు కావలసింది అది కాదు. ఒడిశా గజపతి జిల్లాలో, శ్రీకాకుళం జిల్లా సరిహద్దు పక్కనే ఉన్న 1,501 మీటర్ల కొండ. పర్లాకిమిడి నుంచి కోయిన్‌పూర్‌కి దారి వెతికితే సరైన చోటికే చేరతారు.

తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఇదేనని పాత బడిపుస్తకాల్లో చదువుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. కోరాపుట్ దగ్గరి దేవమాలి 1,672 మీటర్లు. కాబట్టి ఎత్తు లెక్కలో మహేంద్రగిరి తీసికట్టే. పుస్తకాల లెక్క వేరు. కాళిదాసు, వ్యాసుడు, కళింగాన్ని ఏలిన గాంగరాజుల శాసనకవులు, చోళుల శాసనకర్తలు, గిడుగు రామమూర్తి పంతులు, ఇంతమంది కలంలోకి ఎక్కిన కొండ ఈ కనుమల్లో ఇంకోటి కనబడదు. అయితే వీళ్లలో ఎక్కువమంది దీన్ని కింద నుంచి చూసి రాసినవాళ్లే. కొండమీది మనుషుల మాట నేర్చుకుని రాసినవాడు ఒక్క గిడుగు. అందుకే ఈ యాత్రలో ముందు ఆ కొండమనుషులైన సవరల ఊళ్లు, తర్వాత శిఖరం, చివర గాంగుల రాజధాని శ్రీముఖలింగం అన్న వరస పెట్టాం. గుడులు మాత్రమే చూడాలనుకునేవాళ్లకి ఇది చుట్టుదారే.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాన తగ్గింది కదా అని అక్టోబరులో బయల్దేరొద్దు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండు తుపానులూ ఈ తీరాన్ని అక్టోబరు రెండోవారంలోనే కొట్టాయి. తిత్లీకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడి జనం పోయారు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములూ పిడుగులూ ఉంటాయి. చెట్టు లేని శిఖరం మీద వాటికి చిక్కితే దాక్కునే చోటు ఉండదు. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనమూ కొండెక్కుతారు. భక్తితో వెళ్లేవాళ్లకి అదే సరైన రోజు. పైన గుడి గోడమీది శాసనం చూద్దామనుకునేవాళ్లకి ఆ రోజు గోడ కూడా కనబడదు.

మొదటి రోజు: పాతపట్నం, పర్లాకిమిడి

రైలు మీద మోజుంటే హౌరా–చెన్నై లైనులో నౌపడ జంక్షన్‌లో దిగి గుణుపురం బండి ఎక్కండి. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించిన లైను ఇది. 1900లో రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద మొదలై, 1931లో గుణుపురం చేరింది. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011లో మళ్లీ బండి కదిలింది. చిక్కల్లా బండ్లు తక్కువ కావడమే. ఒకటి తప్పిపోతే సగం రోజు ప్లాట్‌ఫారం మీదే గడుస్తుంది. పలాసలో దిగి టెక్కలి మీదుగా పాతపట్నం బస్సు పట్టుకోవడం మేలు.

పాతపట్నం ఆంధ్రాలో ఉంది, పర్లాకిమిడి ఒడిశాలో. మధ్య దూరం ఆటోలో కొద్ది నిమిషాలు. నీలమణి దుర్గ గుడి ఇటు, రాజావారి కోట అటు. బస ఎటువైపైనా ఒకటే, బండి విషయంలో మాత్రం ఒకటి కాదు. ఆంధ్రా టాక్సీ ఒడిశాలోకి వెళ్లాలంటే వేరే పర్మిటు కావాలి. అది లేకుండా వెళ్తే చెక్‌పోస్టు దగ్గర యాత్ర ఆగిపోతుంది. సొంత కారుకి ఆ బాధ లేదు. కొండదారికి ఎలాగూ ఎత్తు ఎక్కువున్న జీపులాంటిది కావాలి కాబట్టి, పర్లాకిమిడిలోనే బండి మాట్లాడుకుంటే రెండు పనులూ అయిపోతాయి. మాట్లాడేటప్పుడు ‘కోయిన్‌పూర్ దాకానా, పైదాకానా’ అన్నది ముందే తేల్చుకోవాలి. కింద ఒక ధర చెప్పి సగం కొండమీద మరో ధర అడగడం ఇక్కడ కొత్తేమీ కాదు.

ఊళ్లో తెలుగు హాయిగా చెల్లుతుంది. కొట్టుమీద బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల బేరం తెలుగులో సాగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పట్నం, కొండప్రాంతం అటు పోయాయి, పల్లపు ఊళ్లు చాలావరకు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. ఆనాటి రాజా కృష్ణచంద్ర గజపతి మరుసటేడు ఒడిశా మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యారు. 1992లో గంజాం నుంచి విడదీసిన జిల్లాకి గజపతి అన్న పేరు ఆయన మీదుగానే వచ్చింది.

విభజన నచ్చక ఊరే వదిలి వెళ్లినవాడు గిడుగు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరి, యాభై ఏళ్లకు పైగా ఈ ఊరినే నమ్ముకున్న మనిషి. 1936లో పెట్టేబేడా సర్దుకుని రాజమండ్రి వెళ్లిపోయాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆగస్టు 29 వస్తే దండలు వేస్తాం. ఆ పోరాటానికి మూలం ఈ కొండల్లో ఉందన్నది మాత్రం తక్కువమంది పట్టించుకుంటారు. రాసే అలవాటే లేని సవర భాషకి అక్షరం అక్షరం ఉచ్చారణ పట్టుకుని వ్యాకరణం కట్టినవాడికి, నోటితో మాట్లాడే తెలుగు నీచమైనదని ఎవరైనా అంటే ఒళ్లు మండదా?

సాయంత్రం కోట వీధి, కొమ్ముపని చేసేవాళ్ల ఇళ్లు చూడొచ్చు. గేదె కొమ్మును వేడిచేసి వంచి, చెక్కి, మెరుగుపెట్టి కొంగలూ దువ్వెనలూ చేస్తారు. మర్నాడు కొండల్లో ఏటీఎం మీద ఆశ పెట్టుకోకూడదు. చిల్లర నోట్లు ఇక్కడే తీసుకోండి.

రెండో రోజు: గుమ్మ, సెరంగో కొండలు

పర్లాకిమిడికి ఉత్తరాన గుమ్మ, సెరంగో వైపు వెళ్లే దారి సవరల నడిగడ్డ. ఘాటు ఎక్కుతుండగానే ముందు కనబడేవి పొలాలు. వాగు పారే లోయనే మెట్లు మెట్లుగా కట్టి వరిమళ్లు చేశారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చిన గోడలే. పైమడిలో నీరు నిండితే పక్కన వదిలిన రాతి జాలువారు గుండా కింది మడిలోకి దిగుతుంది. రాళ్ల సందుల్లోంచి కూడా నీరు ఊరుతుంది కాబట్టి గట్టు ఒత్తిడికి పగలదు. మనం ఫొటో కోసం గట్టు అంచున నిలబడితే పైవరస రాయి కదులుతుంది. అది సరిచేసుకోవడానికి ఆ ఇంటివాళ్లకి పూటంతా పడుతుంది. గట్టు వెనక కాలిబాట ఉంటుంది, దాని మీదే నడవండి. మెట్లకు పైన ఏటవాలులో పోడు ఉంటుంది. రాగులు, కంది, మధ్యమధ్య జీడిమామిడి.

సవర ముండా కుటుంబపు భాష. పక్కనున్న తెలుగుకీ ఒడియాకీ చుట్టరికం లేదు. గిడుగు ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఈ భాష నేర్చుకున్నాడు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు, తెలుగు లిపిలో వాచకాలు రాశాడు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువులు ఆ దశకంలోనే అచ్చయ్యాయి. ఈ కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకి మింగిన క్వినైను ఆయన చెవులు తీసుకుంది. ఒక భాషలోని ధ్వనుల్ని అంత సూక్ష్మంగా పట్టిన మనిషికి చివరికి వినికిడి పోయింది.

ఆ మలేరియా ఇంకా పోలేదు. సాయంత్రం అయిదు దాటితే నిండుచేతుల చొక్కా, కాళ్లు కప్పే ప్యాంటు, ఒంటికి దోమల మందు. ఊళ్లో పడుకుంటే దోమతెర తప్పదు. ఇక్కడ ఎక్కువగా కనబడేది ఫాల్సిపారం రకం. దోమ కుట్టిన వారం పది రోజులకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా జ్వరం పట్టుకుంటుంది. అంటే మీరు హైదరాబాదో విశాఖో చేరాక. అక్కడి డాక్టరుకి మీరు గజపతి కొండలకి వెళ్లొచ్చిన సంగతి మీ అంతట మీరే చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. చెప్పకపోతే వైరల్ జ్వరమని రెండు రోజులు గడిచిపోతాయి. ఈ రకంలో ఆ రెండు రోజులే ప్రమాదం.

పాత పద్ధతి సాగే ఇళ్లలో గోడమీద ఎర్రమట్టి పూసి, దానిమీద తడి బియ్యప్పిండితో వేసిన బొమ్మలు ఉంటాయి. ఇదితల్ అంటారు. గుర్రాలు, ఏనుగులు, గొడుగు పట్టినవాళ్లు, చెట్లు, ఈమధ్య సైకిళ్లూ విమానాలూ కూడా. అది అలంకారం కాదు, చనిపోయినవారికో దేవతకో కట్టిన ఇల్లు. బొమ్మ వేయాలో వద్దో కుడాన్, అంటే సవర పూజారి, చెప్పాలి. అందుకని ఇంటివాళ్లని అడగకుండా కెమెరా తీయొద్దు, వేలితో తాకొద్దు. కావాలంటే గుడ్డమీద, కాగితం మీద అమ్మకానికి వేసినవి దొరుకుతాయి, అవి కొనుక్కోండి. సెరంగో చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. చర్చి ఉన్న ఊళ్లో ఈ బొమ్మల కోసం వెతకడం దండగ. అడిగి ఇబ్బంది పెట్టడం ఇంకా తప్పు.

ఊరి చివర నిలువుగా పాతిన రాళ్ల గుంపు కనబడితే అది స్మశానపు గుర్తు. పోయినవారికి గువార్ అనే కర్మ చేసి ఒక్కో రాయి నిలబెడతారు. కూర్చోడానికి వీలుగా ఉందని వాటి మీద కూర్చోకూడదు.

గుణుపురం వైపు వెళ్లగలిగినవాళ్లకి సవర లిపిలో రాసిన రాతలు చూసే వీలుంటుంది. సొరాంగ్ సొంపెంగ్ అనే ఆ లిపిని మంగెయి గొమాంగో 1936లో తయారుచేశాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరుతో. తెలుగు లిపిలో సవర రాసిన పంతులు ఊరు విడిచిన ఏడాదే సవరలు సొంత లిపి కట్టుకున్నారు. 2012 నుంచి అది యూనికోడ్‌లోనూ ఉంది.

మూడో రోజు: గండాహతి, కోయిన్‌పూర్

ఈ రోజు ప్రయాణమే ఎక్కువ. దారిలో గండాహతి జలపాతం దగ్గర గంటసేపు ఆగితే చాలు. జనవరి దాటితే ధార సన్నబడుతుంది, రాళ్ల మీద పాచి మాత్రం ఏడాదంతా ఉంటుంది. ఇక్కడ ‘రాయగడ’ అన్న బోర్డులు చూసి కంగారుపడొద్దు. అది గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు. రైల్వే జంక్షన్ ఉన్న రాయగడ వేరే జిల్లా, చాలా దూరం.

కొండ మొదట్లో కోయిన్‌పూర్. చీకటి పడకముందే చేరి, మర్నాటికి మనిషినీ బండినీ మాట్లాడుకోవాలి. పైన రోడ్డు ఎంతవరకు బాగుందో ఆ ఊరివాళ్లకి తెలిసినంతగా ఏ మ్యాపుకీ తెలియదు. ఫోను సిగ్నల్ ఇక్కడి నుంచే వస్తూ పోతూ ఉంటుంది, ఇంటికి కబురు ఈ పూటే చెప్పేయండి.

నాలుగో రోజు: మహేంద్రగిరి

తెల్లవారుజామున అయిదింటికి కదలాలి. సూర్యోదయం కోసం కాదు, మధ్యాహ్నానికల్లా మబ్బు శిఖరాన్ని కప్పేస్తుంది కాబట్టి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు పూటల తిండి, టార్చి, గాలిచొక్కా. ఎత్తును బట్టి చూస్తే పైన పర్లాకిమిడి కన్నా ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉండాలి. గాలి తోడైతే చలి ఇంకా కొరుకుతుంది. వానాకాలంలో వచ్చేవాళ్లకి జలగలు తప్పవు. ఉప్పు మూట కట్టుకుంటే అంటుకున్నది ఊడి పడుతుంది.

కిందిభాగమంతా దట్టమైన చెట్లు, లోయల్లో చెట్టంత ఫెర్నులు. పైకి పోయేకొద్దీ చెట్టు లోయల్లోకి తప్పుకుని గడ్డి మిగులుతుంది. రాయి ఖోండలైటు, చార్నకైటు. ఖోండలైటు గాలికీ నీటికీ మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది, చార్నకైటు నల్లగా, మొండిగా నిలుస్తుంది. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. మందుమొక్కలకు పేరుపడిన కొండ కావడంతో వేళ్లు తవ్వుకుపోయేవాళ్ల బెడద పాతదే. ఆకు కూడా కోయకుండా రండి.

శిఖరం దగ్గర భీముడి గుడి, దిగువన కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి. పాండవుల పేర్లు జనం పెట్టుకున్నవి, గుడులు శివుడివి. భీముడి గుడి చిన్నదే. కొద్దిపాటి బండలతో కట్టేశారు, ఒక్కో బండ ఆ గుడికి మించిన సైజులో అనిపిస్తుంది. అంత రాయి ఎత్తడం మనుషుల పని కాదనిపించి భీముడికి అంటగట్టారేమో. కుంతి గుడిలోని లింగం గోకర్ణేశ్వరుడు. తూర్పు గాంగులకు కులదైవం ఈయనే. వాళ్ల రాగిరేకులు మహేంద్రాచల శిఖరాన వెలసిన గోకర్ణస్వామిని తలచుకోనిదే దానం సంగతికి రావు.

యుధిష్ఠిరుడి గుడిలో రాజేంద్ర చోళుడి శాసనం ఉంది. సంస్కృతం, తమిళం రెండూ. కులూత రాజు విమలాదిత్యుణ్ణి ఓడించి ఈ కొండమీద జయస్తంభం నాటించినట్టు అందులో ఉంటుంది. పక్కన చోళుల పులి, పాండ్యుల జంట చేపలు. అక్షరాలు ఎదురుగా వెలుగు పడితే కనబడవు. టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుంటే చెక్కిన గీతలో నీడపడి అక్షరం లేస్తుంది. సున్నం, పిండి, నూనె పూయడం వద్దే వద్దు. నూనె పట్టిన రాయి మీద మట్టి పేరుకుని అక్షరం పూడిపోతుంది.

ఇక పుస్తకాలు. రఘువంశం నాలుగో సర్గలో రఘువు ఉత్కళం దాటి కళింగానికి వస్తాడు. మావటి మొండి ఏనుగు తలపై అంకుశం దించినట్టు తన ప్రతాపాన్ని మహేంద్రం నెత్తిన దించాడంటాడు కాళిదాసు. యుద్ధం అయ్యాక సైనికులు తమలపాకు దొన్నెల్లో కొబ్బరికల్లు తాగుతారు. రఘువు మహేంద్రనాథుడి సంపద తీసుకుని నేల వదిలేస్తాడు. ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగరాజు హేమాంగదుడు మహేంద్రానికీ సముద్రానికీ దొర. అతని మేడ కిటికీలోంచి అలలు కనిపిస్తాయి, తీరంలో తాటితోపులు గలగలలాడతాయి. ఇదంతా ఉద్దానం వైపు నుంచి చూసిన కొండ. కొబ్బరి, తాడి, తమలపాకు, ఉప్పుగాలి, అన్నీ పల్లపు సరుకే. కొండమీద కొబ్బరికల్లు ఎక్కడిది? సవరలు తాగేది జీలుగు కల్లు. చెట్టు నుంచి దించిన వెంటనే తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులిసి మత్తెక్కిస్తుంది. దిగేటప్పుడు కాళ్లు కుదురుగా ఉండాలనుకునేవాళ్లు ఈ పరీక్ష కిందికి వచ్చాక పెట్టుకోవాలి.

భారతంలో పాండవులు లోమశుడితో తీర్థాలు తిరుగుతూ వైతరణి దాటి మహేంద్రానికి వస్తారు. అకృతవ్రణుడు వాళ్లకి పరశురాముడి కథ చెబుతాడు, చతుర్దశినాడు ఆయన దర్శనం అవుతుంది. తెలుగు భారతంలో ఈ ఘట్టం నన్నయ వంతులోనే వస్తుంది. కొండెక్కే ముందు రాత్రి చదువుకోవడానికి ఇంతకన్నా తగింది లేదు. హనుమంతుడు లంకకు దూకింది ఇక్కడి నుంచేనని కూడా చెప్పేవాళ్లుంటారు. రామాయణంలో ఆ మహేంద్రం దక్షిణ సముద్రపు ఒడ్డున ఉంది, ఇక్కడికి పొసగదు. రాముడి చేతిలో భంగపడి పరశురాముడు చేరిన మహేంద్రం అంటే మాత్రం ఒప్పుకోవచ్చు.

పండితుల్ని ఇప్పటికీ తికమకపెట్టే చోటు సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనం. ‘పైష్టపురక మహేంద్రగిరి కౌట్టూరక స్వామిదత్త’ అన్న సమాసాన్ని ఒకచోట విరిస్తే మహేంద్రగిరి పిఠాపురం రాజు పేరవుతుంది. ఇంకోచోట విరిస్తే ఈ కొండ దగ్గరి కొట్టూరుని స్వామిదత్తుడు ఏలినట్టవుతుంది. కొండ పేరు మనుషులకు పెట్టుకోవడం మనకు వింత కాదు కాబట్టి మా ఓటు మొదటిదానికే.

సముద్రం కనబడాలంటే తెల్లవారుజాము సరైన వేళ కాదు. సూర్యుడు అటునుంచే లేస్తాడు, ఎదురెండకి మసకలో తీరం కరిగిపోతుంది. పొద్దు నెత్తి దాటి వెనక్కి వాలాక, ముందురోజు నాలుగు చినుకులు పడి గాలి తేటగా ఉంటే, సోంపేట, బారువ వైపు తెల్లటి అంచు తేలుతుంది. ఇదే వేళకి మబ్బు కమ్మే అవకాశమూ ఉంది. కాబట్టి రెండున్నర దాకా చూసి, కనబడినా కనబడకపోయినా దిగడం మొదలుపెట్టాలి. శీతాకాలంలో అయిదున్నరకే లోయల్లో చీకటి, ఎలుగుబంట్లు తిరిగే వేళ కూడా అదే.

దిగాక నదుల దగ్గర ఒక తిరకాసు. మహేంద్రతనయ పేరుతో రెండు నదులున్నాయి. ఒకటి పర్లాకిమిడి మీదుగా వెళ్లి వంశధారలో కలుస్తుంది. రెండోది బారువ దగ్గర నేరుగా సముద్రంలో పడుతుంది. ‘నది వెంట పోతే ఊరొస్తుంది’ అని దారి తప్పినవాడు ధైర్యం చెప్పుకోవడం ఈ కొండమీద పనికిరాదు. రాష్ట్రమే మారిపోవచ్చు.

అయిదో రోజు: శ్రీముఖలింగం

పర్లాకిమిడికి తిరిగొచ్చి, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగానికి దిగండి. గాంగుల కళింగనగరం ఇదే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర గుడులు మూడూ పూటలో చూడొచ్చు. ఊళ్లోకి అడుగుపెడుతూనే ఎదురయ్యే సోమేశ్వరానికి మండపం లేదు, శిఖరం ఒక్కటే. తలుపు చుట్టూ చెక్కడాలు పొద్దుటి ఎండలో బాగా తెలుస్తాయి. మధుకేశ్వరంలో మూలగుడి చుట్టూ నాలుగు మూలలా చిన్న గుడులున్నాయి. హడావిడిగా గర్భగుడికి పరిగెత్తేవాళ్లు ప్రాకారపు లోపలి గోడలను వదిలేస్తారు, శాసనాలూ శిల్పాలూ ఉన్నది అక్కడే.

ఈ శాసనాల లిపి చదవడం గిడుగు ఎవరి దగ్గరా నేర్వకుండా తనంతట తానే పట్టుకున్నాడు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని, శకం 979 నాటివి, శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి అచ్చువేయించాడు. రాజు ఇక్కడ కూర్చుని ఈశాన్యాన కొండమీది గోకర్ణస్వామికి దండం పెట్టి భూమి దానమిచ్చాడు. ఆ రాత చదివిన పంతులు ఆ కొండల్లోకే వెళ్లి, శాసనాల్లో ఎక్కడా వినబడని సవరల మాట రాసుకున్నాడు. ముఖలింగం ముందు చూసి కొండకు వెళ్తే ఈ తేడా అంతగా తెలియదు.

తిరుగు ప్రయాణానికి శ్రీకాకుళం వైపు బస్సులున్నాయి. రైలు అందుకోవాలంటే శ్రీకాకుళం దాకా పోకండి. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. టికెట్ మీద పేరు చూసి పట్నంలో దిగి, మళ్లీ ఆటో కట్టించుకుని వెనక్కి పరిగెత్తేవాళ్లు రోజూ ఉంటారు.